పెళ్లి కోసం కిడ్నీనా, కిడ్నీ కోసం పెళ్లా? ఎలా తెలుసుకోవాలి?

కవిటి తోట:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. నా వయసు ముప్ఫై నాలుగు. ఏడాదిన్నరగా మంగళ, గురు, శనివారాలలో సోంపేటకు వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాను. మా ప్రాంతం వారికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను: ఇచ్ఛాపురం మొదలుకొని పలాస, వజ్రపుకొత్తూరు దాకా సముద్రం వెంబడి ఉన్న ఈ నేలను ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య బతికే ఈ పల్లెల్లో, షుగరు గాని బీపీ గాని లేని మనుషుల కిడ్నీలు కూడా ఎందుకు చెడిపోతున్నాయో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. నీళ్లలోని సిలికా అన్నారు, ఎండలో చేసే చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, వంశంలో వస్తున్నదేమో అన్నారు. మా నాన్నగారు ఈ జబ్బుతోనే పోయారు. నాకు కాళ్ల వాపు లేదు, మూత్రంలో మంట లేదు. 2022లో వేరే పని మీద చేయించుకున్న రక్తపరీక్షలో, కిడ్నీలు వడకట్టవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం 4.8 ఉందని, అది చాలా ఎక్కువని తేలింది.

నేను అడగదలచుకున్నది జబ్బు గురించి కాదు, ఒక మనిషి గురించి.

ఆమె, నేను డిగ్రీలో కలిసి చదువుకున్నాము. పదిహేనేళ్ల స్నేహం మాది. ఆమెది పక్క మండలం, ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. మా కులాలు వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి తోటలన్నీ నేలకూలినప్పుడు, రోడ్డుకు అడ్డంగా పడిన చెట్ల మీదుగా నడుచుకుంటూ మా ఇల్లు నిలిచిందో లేదో చూడడానికి ఆమె వచ్చింది. ఆ రోజున కూడా మా మధ్య స్నేహం తప్ప మరొకటి ఉందని మాకు తోచలేదు. మా అమ్మ మాత్రం అప్పుడే ఏదో పసిగట్టి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

డయాలసిస్ మొదలుపెట్టడానికి ముందు నా ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా వేశారు. ధమనిని, సిరను కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ అది. కుట్లు మానిన తర్వాత అక్కడ వేలు పెడితే చర్మం కింద తేనెటీగ ఉన్నట్టు జుమ్మని అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఆగిపోతే ఫిస్టులా మూసుకుపోయినట్టే కనుక రోజూ తడిమి చూసుకోమన్నారు. ఒకనాడు బస్సులో కునికిపాట్లు పడుతున్న నేను మెలకువ వచ్చి చూసేసరికి, పక్కన కూర్చున్న ఆమె నా చేయి మెల్లగా ఎత్తి చెవికి ఆనించుకొని ఉంది. నేను చూసినది గమనించి చేయి వదలలేదు. "మోగుతోంది, భయం లేదు" అని చెప్పి కిటికీ వైపు తిరిగింది. ఆ రోజు నుంచి నేను ఆమెను స్నేహితురాలిగా మాత్రమే చూడలేకపోతున్నాను. ఆమెకు కూడా అంతేనని తర్వాత తెలిసింది. ఎవరూ పైకి చెప్పుకోలేదు గాని, తెలియనంత అమాయకులం కాము.

నేను రోజుకు తాగవలసిన నీళ్లు ముప్పావు లీటరు దాటకూడదు. ఆమె అర లీటరు సీసా ఒకటి తెచ్చి, దాని మీద గోళ్ల రంగుతో మూడు గీతలు గీసి, పొద్దుటికి ఇంత, మధ్యాహ్నానికి ఇంత, రాత్రికి ఇంత అని ఇచ్చింది. మిగిలిన పావు లీటరు టీకి, మజ్జిగకు, మందులకు. మాకు నలభై కొబ్బరిచెట్లు ఉన్నాయి. బొండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ కనుక నేను ముట్టకూడదు. ఇది విన్న దగ్గర నుంచి ఆమె కూడా బొండాం తాగడం మానేసింది. ఎందుకు మానేశావని అడిగితే ఇష్టం లేదంటుంది. డిగ్రీ చదివే రోజుల్లో ఒక్క పూటలో మూడు బొండాలు తాగిన మనిషి!

కిందటి నెల సోంపేట బస్టాండులో కూర్చున్నప్పుడు ఆమె రెండు మాటలు చెప్పింది. "మనం పెళ్లి చేసుకుందాం" అన్నది మొదటిది. "భార్యనైతే కిడ్నీ ఇవ్వడానికి కమిటీల చుట్టూ తిరగక్కరలేదట" అన్నది రెండవది. రెండింటి మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి కూడా లేదు.

నా బాధంతా అక్కడే ఉంది. మా అమ్మకు షుగరు ఉన్నందువల్ల ఆమె కిడ్నీ పనికిరాదన్నారు, నాకు తోబుట్టువులు లేరు. ఇది నా స్నేహితురాలికి తెలుసు. నన్ను భర్తగా కోరుకొని, కిడ్నీ కూడా ఇస్తానంటున్నదా? లేక నాకు కిడ్నీ ఇవ్వడానికి దారి వెతికి, ఆ దారిలో పెళ్లి కనబడితే సరేనన్నదా? మొదటిది అయితే నాకంటే అదృష్టవంతుడు లేడు. రెండవది అయితే, జాలిని ప్రేమ అనుకొని ఒక ఆడపిల్ల జీవితాన్ని, శరీరాన్ని రెండింటినీ తీసుకున్నవాడిని అవుతాను. మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆ గుంట బతుకు పాడుసెయ్యకు బాబూ" అంది. స్నేహితురాలి అన్నయ్య నాతో మాట్లాడడం మానేశారు. నేను ఇంతవరకు ఆమెకు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఇటువంటిది అనుభవించినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఓదార్పు అక్కరలేదు.

నాగావళి గట్టు:

తమ్ముడూ, మాది శ్రీకాకుళం. మా వారు, నేను ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లము. ఆయన కిడ్నీలు సగానికి పైగా పోయాయని తెలిసే పెళ్లి చేసుకున్నాను. అయిదేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు. ఆయన పోయి మూడేళ్లయింది. కనుక అనుభవంతోనే చెబుతున్నాను.

జాలి ఉందా, ప్రేమ ఉందా అని నువ్వు వేరు చేసి చూడాలనుకుంటున్నావు. నాకు మొదట్లో ఆయన మీద జాలి ఉండేది, ఉండదని ఎలా అనగలను? తెలిసిన మనిషి రెండు అంతస్తులు ఎక్కడానికి ఆయాసపడుతుంటే జాలి కలగకపోతే అది మనసే కాదు. కాని జాలితో ఎవరూ ఏడాది పాటు రోజూ కూరగాయలు ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, మళ్లీ తాలింపు పెట్టలేరు. పొటాషియం తగ్గాలంటే అలాగే చేయాలి కదా. ఎనిమిదో నెలకో, తొమ్మిదో నెలకో విసుగు వచ్చింది. ఒకరోజు సింకులో ఆ నీళ్లు వంపుతూ ఆవిరి చేతికి తగిలి కాలితే గిన్నె విసిరికొట్టాను. ఆయన లేచి వచ్చి, ఏమీ అనకుండా, నేల మీద పడిన బీరకాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరారు. ఆ రోజు ఆయన మీద నాకు జాలి లేదు, కోపమే ఉంది. నేను ఆయన భార్యనన్న సంగతి నాకు పూర్తిగా తెలిసింది కూడా ఆ రోజే.

నువ్వు రాసిన దాంట్లో నన్ను కలవరపెట్టింది పెళ్లి కాదు, కిడ్నీ కాదు, ఆ బొండాం. నేను కూడా మొదటి ఏడాది ఆయనతో పాటు ఉప్పు లేని కూరే తిన్నాను. ఆయన ఎదుట ఊరగాయ సీసా మూత తీసేదాన్ని కాను. అది త్యాగమని మురిసిపోయాను. ఒకనాడు ఆయనే, "నువ్వు ఇలా తింటుంటే నాకు నా జబ్బు రెండు కంచాల్లో కనబడుతోంది" అన్నారు. మరునాడు నుంచి నా కంచంలో ఆవకాయ వేసుకున్నాను. ఆ వాసన పీల్చుకుంటూ ఆయన తన చప్పిడి కూడు తినేవారు. అలా తినడం ఆయనకు కొంత హాయిగా ఉండేది. ఆమె నీ కోసం ఇంకేమేమి మానేసిందో ఒకసారి అడిగి తెలుసుకో. బదిలీలు, సినిమాలు, స్నేహితుల పెళ్లిళ్లు, అన్నీ అడుగు. ముందు ఆ బొండాం తాగమను.

ఇంకొకటి. ఆమెకు జాలి అని నువ్వే తీర్పు చెప్పేస్తున్నావు. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, తన మనసులో ఏముందో తనకు తెలియదని నీకు ఎందుకు అనిపిస్తోంది? ఆమె మంచి కోసమే వద్దంటున్నానని మా వారు కూడా రెండేళ్లు నన్ను తిప్పారు. నాకు ఆ రెండేళ్లు తిరిగి రాలేదు. మేము కలిసి ఉన్నది మొత్తం ఏడేళ్లే.

డయాలసిస్ టెక్నీషియన్:

నేను శ్రీకాకుళం జిల్లాలోనే పదకొండేళ్లుగా డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఎక్కడో చెప్పను. పై అక్కగారు రాసిన దానికి నేను కలపగలిగినది లేదు. మీ స్నేహితురాలు చెప్పిన రెండవ మాట గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే అందులో సగమే నిజం ఉంది. మీ చిక్కు కూడా అక్కడే విడిపోవచ్చునని నాకు అనిపిస్తోంది.

అవయవ మార్పిడికి 1994లో కేంద్రం చట్టం చేసింది, 2011లో దానిని సవరించారు, 2014లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ చట్టం ప్రకారం దగ్గరి బంధువులంటే తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్తలు, తాతమామ్మలు, మనవలు. వీరు ఇచ్చేటప్పుడు నడిచే పద్ధతి కొంత సులువు, అది నిజమే. కాని స్నేహితురాలు ఇవ్వకూడదని ఆ చట్టంలో ఎక్కడా లేదు. రోగి మీద అభిమానం వల్లగాని, అనుబంధం వల్లగాని ఇవ్వదలచుకున్న వ్యక్తి, బంధువు కాకపోయినా, ఆథరైజేషన్ కమిటీ ముందస్తు అనుమతితో ఇవ్వవచ్చునని తొమ్మిదవ సెక్షన్‌లో ఉంది. కమిటీ పిలిచి ప్రశ్నలు అడుగుతుంది, డబ్బు చేతులు మారలేదని నిర్ధారించుకుంటుంది. పదిహేనేళ్ల స్నేహాన్ని చూపడానికి కాలేజీ నాటి ఫోటోలు, ఉత్తరాలు, సాక్షులు, ఇలా ఏదో ఒకటి మీకు ఉంటుంది. కష్టమే గాని అసాధ్యం కాదు.

ఇక పెళ్లి చేసుకుంటే దారి వెంటనే తెరుచుకుంటుందన్న మాట. దంపతుల విషయంలో పెళ్లి జరిగిందా లేదా అన్నది ఒక్కటే చూడరు. పెళ్లయి ఎంతకాలమయిందో కూడా రికార్డు చేయాలని నిబంధనల్లోనే ఉంది. ధ్రువపత్రం, పెళ్లి ఫోటోలు, పిల్లలుంటే వారి వివరాలు అన్నీ అడుగుతారు. నిన్న పెళ్లి చేసుకొని నేడు కిడ్నీ ఇస్తానని వస్తే ఎవరికైనా అనుమానం రాక మానదు. పైగా దాత స్త్రీ అయినప్పుడు, ఆమె ఎవరో, ఇష్టపడే ఇస్తున్నదో లేదో గ్రహీత కాని మరొక వ్యక్తి ద్వారా నిర్ధారించుకోవాలన్న ప్రత్యేక జాగ్రత్త కూడా ఉంది. మన ఇళ్లలో ఇచ్చేవారు ఎక్కువగా ఆడవారు, పుచ్చుకునేవారు ఎక్కువగా మగవారు కావడం నేను కళ్లారా చూస్తున్నాను కనుక, ఆ నిబంధన పెట్టినవారికి దండం పెడతాను.

వీటన్నిటి కంటే ముఖ్యమైనది ఒకటి ఉంది, దానిని మీరిద్దరూ మరిచిపోయినట్టున్నారు. ఆమెది కూడా ఉద్దానమే. అక్కడే పుట్టి, అక్కడి నీళ్లే తాగి, అక్కడి ఎండలోనే పెరిగింది. జబ్బుకు కారణం తెలియని చోట పుట్టిన మనిషిని దాతగా తీసుకునే ముందు డాక్టర్లు మామూలు కంటే ఎక్కువ జాగ్రత్త పడవలసి ఉంటుంది. వారి ఇంట్లో ఎవరికైనా ఇదే జబ్బు ఉన్నదా? రక్తం గ్రూపు, క్రాస్ మ్యాచ్ (దాత కిడ్నీని రోగి రక్తం తిప్పికొడుతుందేమో చూసే పరీక్ష) కుదిరితే చాలదు. రెండు కిడ్నీలు విడివిడిగా ఎంత పనిచేస్తున్నాయో స్కాన్ చేస్తారు, రక్తనాళాలు ఎలా ఉన్నాయో సీటీ తీస్తారు, మూత్రంలో ప్రోటీన్ చూస్తారు. ఇన్ని చేశాక కూడా, ఒక కిడ్నీతో మిగిలిన ఆమెకు పదేళ్ల తర్వాత ఇదే జబ్బు రాదని చెప్పగలిగిన డాక్టరు ఉండరు.

కాబట్టి పెళ్లిని, కిడ్నీని ఒకే తాడుతో కట్టకండి. మీకు కిడ్నీ కావాలంటే ముందు జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోండి. అది చనిపోయినవారి అవయవాలకు సంబంధించిన ప్రభుత్వ జాబితా. ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు, అయినా పేరు ఉండాలి. ఆమెకు చెప్పవలసింది ఇది: "కిడ్నీ ఇవ్వడానికి నువ్వు నా భార్యవు కావలసిన పని లేదు, అసలు నీ కిడ్నీ పనికివస్తుందో లేదో కూడా తెలియదు." ఆ తర్వాత కూడా ఆమె నోటి వెంట మొదటి మాట వస్తుందో రాదో చూడండి.

హెపటైటిస్ బి టీకాలు పూర్తి చేయించుకున్నారా? ఎడమ చేతికి ఎవరినీ బీపీ కట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. ఇది అందరికీ చెబుతూనే ఉంటాను, అలవాటైపోయింది.

కోట దగ్గర మాస్టారు:

విజయనగరం నుంచి రాస్తున్నాను. రిటైరయిన లెక్కల మాస్టారిని. ఇక్కడ అందరూ మనసు గురించి మాట్లాడుతున్నారు కనుక ఎవరో ఒకరు లెక్కలు అడగాలి.

బాబూ, నీ ఆదాయం ఎంత? డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు పదివేలు పింఛను వస్తుంది, చికిత్స ఆరోగ్యశ్రీలో నడుస్తుంది, దానికి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మార్చారు. నలభై కొబ్బరిచెట్ల మీద ఏమి వస్తుందో నీకే తెలియాలి. రేపు కిడ్నీ మార్చినా అంతటితో ఖర్చు ఆగదు. ఒంట్లో పరాయి కిడ్నీ నిలవాలంటే జీవితాంతం రోజూ మందులు మింగాలి, తరచు రక్తపరీక్షలు చేయించుకోవాలి. మార్చిన కిడ్నీ కూడా శాశ్వతం కాదు. పిల్లలు కావాలనుకుంటున్నారా? ఆమె జీతం మీద మీరిద్దరూ, మీ అమ్మగారు బతకవలసి వస్తే దానికి నీ మనసు ఒప్పుకుంటుందా, లేక నాలుగేళ్ల తర్వాత ఆ చిన్నతనాన్ని ఆమె మీద కోపంగా తీర్చుకుంటావా? ఇవి కాగితం మీద రాసి ఆమె చేతికి ఇవ్వు. నా సలహా అడిగితే ఒక ఏడాది ఆగమంటాను.

కులాలు వేరన్నావు కనుక రిజిస్టరు పెళ్లి గురించి కూడా చెబుతాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే ముప్ఫై రోజుల నోటీసు అందరికీ కనబడేలా పెడతారు, వాళ్ల అన్నయ్యకు ముందుగానే తెలిసిపోతుంది. ఇద్దరూ హిందువులే అయితే, కులాలు వేరైనా, గుడిలో పెళ్లి చేసుకొని 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించుకోవచ్చు. దొంగచాటుగా చేయమని చెప్పడం లేదు, తేడా తెలియాలని చెబుతున్నాను.

నాగావళి గట్టు:

మాస్టారూ, మీ లెక్కలన్నీ నిజమే, తీసివేయడానికి ఒక్కటీ లేదు. కాని ఏడాది ఆగమన్న మాట వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవారితో అనేటప్పుడు కొంచెం ఆలోచించండి. మీ ఏడాది, ఆయన ఏడాది ఒకటి కావు.

కోట దగ్గర మాస్టారు:

అమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాగితం మీద రాయమన్నది మాత్రం తీసుకోను.

అన్నయ్య:

నేను ఇక్కడ రాయకూడదేమో, ఎందుకంటే నేను అవతలి పక్షం వాణ్ణి. మా చెల్లెలు ఇలాగే ఒక డయాలసిస్ పేషెంటును చేసుకుంటానంది. వాళ్లది కూడా చిన్ననాటి స్నేహమే. నేను ఒప్పుకోలేదు. కులం అని అందరూ అనుకున్నారు, నేను కూడా పైకి అదే చెప్పాను, ఎందుకంటే అసలు కారణం చెప్పడానికి నోరు రాలేదు. మా పెదనాన్న, మా మేనమామ ఇద్దరూ కిడ్నీలతోనే పోయారు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఎలా బతికారో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. మా చెల్లెలు అదే వరుసలో నిలబడతానంటే ఎలా సరేననగలను?

రెండేళ్లు మాట్లాడలేదు. మా చెల్లెలు ఎన్నిసార్లు ఏడ్చినా, పెద్దమనుషులు వచ్చి చెప్పినా నేను కదలలేదు. చివరికి ఆ అబ్బాయే ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. చేతిలో తన ఆసుపత్రి ఫైలు. అరుగు మీద కూర్చొని మొదటి కాగితం నుంచి చివరి కాగితం వరకు నాకు చదివి వినిపించాడు. ఎప్పుడు ఎంత క్రియాటినిన్, ఎప్పుడు ఆసుపత్రిలో చేరాడు, ఎంత అప్పు ఉంది, డాక్టరు ఏమన్నాడు, అన్నీ. మీ చెల్లెలిని ఇవ్వమని అడగలేదు. "మీకు తెలియనిది ఏదీ ఉండకూడదని వచ్చాను" అన్నాడు. మా ఆవిడ మంచినీళ్లు తెస్తే గ్లాసులో సగమే తాగి, మిగిలింది సాయంత్రానికి లెక్క అని పక్కన పెట్టాడు.

నాకు అప్పటికీ ఇష్టం లేదు. కాని ఆ గ్లాసు చూశాక గొంతు పెగల్లేదు. వాళ్ల పెళ్లికి వెళ్లాను.

కాబట్టి ఆమె అన్నయ్య మాట్లాడడం లేదని ఇంట్లో కూర్చోకండి. ఆమెను రాయబారం పంపకండి. ఫైలు పట్టుకొని మీరే వెళ్లండి. తిడితే తిట్టించుకోండి.

కవిటి తోట:

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నందుకు మన్నించండి.

మాస్టారు చెప్పినట్టు కాగితం రాశాను. నాలుగు పేజీలు అయింది. టెక్నీషియన్ గారు చెప్పిన సంగతులన్నీ అందులో చేర్చాను. బారువ వెళ్లి సముద్రం ఒడ్డున కూర్చొని ఆమెకు ఇచ్చాను. ఆమె పిల్లల కాంపోజిషన్ పుస్తకం దిద్దినట్టు పెన్ను తీసి చదివింది, రెండు చోట్ల అక్షరదోషాలు కూడా దిద్దింది. తొమ్మిదవ సెక్షన్ దగ్గరకు వచ్చాక ఆగి, "అనుబంధం అని చట్టంలోనే రాశారా?" అని అడిగింది. రాశారన్నాను. "అయితే ఇన్నాళ్లూ పెళ్లి లేకుండానే ఇచ్చి ఉండవచ్చన్నమాట" అంది. నా గుండె జారిపోయింది. మొదటి మాట ఇక రాదనే అనుకున్నాను.

కాసేపటికి ఆమె చెప్పినది ఇది. ఆ రోజు బస్టాండులో మొదటి మాట అన్న వెంటనే భయం వేసిందట. నేను కాదంటానేమోనని, కాదనలేని కారణం ఒకటి వెతికి రెండవ మాటగా తగిలించిందట. "కిడ్నీ అంటే నీకు అవసరం కనుక ఒప్పుకుంటావనుకున్నాను. నేను అంటే ఒప్పుకుంటావో లేదో తెలియలేదు" అంది. నేను ఒక నెల రోజులు ఏ అనుమానంతో నిద్రపోలేదో, అదే అనుమానంతో ఆమె కూడా నిద్రపోలేదు. ఈ వైపు నుంచి నేను ఒక్కనాడు కూడా ఆలోచించలేదు.

ఆమె చిన్నాన్నగారికి ఇదే జబ్బు ఉంది. అందుచేత కిడ్నీ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాము. ఇవ్వనని ఆమె అనలేదు, పుచ్చుకోనని నేను అన్నాను. దాని మీద వాదన ఇంకా తెగలేదు, తెగుతుందని కూడా అనుకోను. జీవన్‌దాన్‌లో నమోదు కోసం పరీక్షలు మొదలుపెట్టించాను. టీకాలలో రెండు మిగిలాయి.

వాళ్ల అన్నయ్య దగ్గరకు ఫైలు పట్టుకొని వెళ్లాను. ఆయన తిట్టలేదు, కూర్చోమని కూడా అనలేదు. గుమ్మంలోనే నిలబడి పది నిమిషాలు విన్నారు. వచ్చేటప్పుడు, "మళ్లీ డయాలసిస్ ఎప్పుడు?" అని అడిగారు. రేపే అన్నాను. తల ఊపి లోపలికి వెళ్లిపోయారు. అంతవరకే.

అక్కా, మీరు చెప్పిన పని కూడా జరిగింది. ఆమె మానేసిన వాటి జాబితా అడిగితే మొదట తప్పించుకుంది, తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. ఇచ్ఛాపురం వైపు మంచి బడికి బదిలీ వస్తే వదులుకుందట, అది నాకు తెలియనే తెలియదు. దాని మీద ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాము. నిన్న మా తోటలో అమ్మ చేత దింపించి బొండాం కొట్టించాను. వద్దు వద్దంటూనే ఒకటి తాగి, రెండవది అడిగింది. లోపలి లేత మీగడను చెంచాతో గీకి తింటుంటే అమ్మ చూసి నవ్వింది.

ఇప్పుడు ఒక చిన్న చిక్కు వచ్చింది, టెక్నీషియన్ గారే చెప్పాలి. అమ్మ పంతులుగారిని అడిగితే, మంచి ముహూర్తం గురువారం పొద్దున్న పదకొండింటికి ఉందన్నారు. తర్వాతి ముహూర్తాలన్నీ నెలన్నర దాటాక గాని లేవట. గురువారం నాకు డయాలసిస్. మానేస్తే మంగళవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజుల ఎడం వస్తుంది. ఏమి చేయమంటారు?

డయాలసిస్ టెక్నీషియన్:

మానేయవద్దు. పెళ్లి భోజనాల రోజున అసలే మానేయవద్దు. మీ సెంటరులో ఇప్పుడే చెప్పి, ఆ ఒక్క వారానికి గురువారం బదులు బుధవారం మధ్యాహ్నం షిఫ్టులో చోటు అడగండి. సోమ, బుధ, శుక్రవారాల వారిలో ఎవరో ఒకరు మార్చుకోవడానికి ఒప్పుకుంటారు, పెళ్లి అంటే ఎవరూ కాదనరు. మీ డాక్టరుకు కూడా ఒక మాట చెప్పండి. బుధవారం చేయించుకుంటే గురువారం ఒళ్లు తేలికగా ఉంటుంది, పీటల మీద కూర్చోగలుగుతారు. తర్వాత శనివారం మామూలుగా రండి.

కంకణం కుడి చేతికే కట్టించుకోండి. పంతులుగారికి ముందే చెప్పి ఉంచండి, ఎడమ చేతి మణికట్టుకు దారం గాని, గడియారం గాని, ఏదీ బిగించకూడదు.